స్నీకర్ల మీద వేసిన రంగు బీటలు వారుతోంది, ఏం చెయ్యాలి?

అన్నలూ, చిన్న సాయం కావాలి. 2003లో జపాన్ ఆర్టిస్ట్ తకాషి మురకామి లూయీ విట్టాన్ బ్యాగులకు రంగులద్దిన సంగతి చదివాక నాకూ పిచ్చెక్కింది. ఏటికొప్పాక పక్కనే ఉండగా జపాన్ దాకా ఎందుకని, తెల్ల లెదర్ స్నీకర్ల మీద లక్కపిడతల ఎరుపు, పసుపు చారలు వేశాను. స్టేషనరీ షాపులో దొరికే మామూలు ఆక్రిలిక్‌తోనే.

వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఒక్క సాయంత్రం నడిచానంతే. వేళ్ల దగ్గర షూ మడతపడేచోట రంగు ఎండిన చెరువులా బీటలు వారింది. గోరు తగిలితే పొలుసులుగా లేచొస్తోంది. మడమ వైపు మాత్రం చెక్కుచెదరలేదు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర మీద లక్క బాగానే నిలుస్తుంది, కర్ర వంగదు కదా మరి!

ముందు అసిటోన్‌తో (నెయిల్ పాలిష్ తుడిచేదే) కంపెనీ పూత తుడిచి, లెదర్ పెయింట్ పలచగా పొరలు పొరలుగా వెయ్యాలట. నేను తుడవనే లేదు. ఇప్పుడు పాత రంగంతా గీకెయ్యాలా, బీటల వరకు సర్దితే చాలా? అసిటోన్ తగిలి అడుగున జిగురు ఊడిపోతుందేమోనని టెన్షన్. లెదర్ పెయింట్ చిన్న సీసాల్లో జగదాంబ వైపు గానీ డాబాగార్డెన్స్‌లో గానీ దొరుకుతుందా? వచ్చే వారం మా బావ పెళ్లి. పంచె మీదకి ఇవే వేసుకుంటానని అందరికీ చెప్పేశాను.