ఐఎస్ఎల్‌లు (స్విచ్‌ల మధ్య లింకులు) రెండు, ట్రాఫిక్ మాత్రం ఒక్కదాంట్లోనే. రూటు ఎక్కడ చూడాలి?

ప్రశ్న: రెండు బ్రోకేడ్ స్టోరేజ్ నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య 0, 4 పోర్టుల మీద 16 జీబీపీఎస్ ఐఎస్ఎల్‌లు ఉన్నాయి, ట్రంకింగ్ (లింకులను కలిపి ఒకటిగా వాడడం) లేదు. పోర్టుల ట్రాఫిక్ చూపే పోర్ట్‌పర్ఫ్‌షోలో పోర్టు 4 దాదాపు ఖాళీ. డొమైన్ 3కి (అవతలి స్విచ్‌కి) రూటు ఎలా పోతోందో ఏ కమాండ్ చెబుతుంది?

జవాబు 1: ‘టోపాలజీషో 3’ కొట్టి పాత్ కౌంట్ (వాడుతున్న దారుల సంఖ్య) చూడండి. 1 ఉంటే దారులు ఎంచే ప్రోటోకాల్ ఎఫ్ఎస్‌పీఎఫ్ ఒక దారిని పక్కన పెట్టినట్టే, ఎందుకంటే మొత్తం కాస్ట్ (లింకులకు ఇచ్చిన అంకెల మొత్తం) తక్కువున్న దారులనే అది వాడుతుంది. తర్వాత ‘లింక్‌కాస్ట్’ ఇచ్చి ఒక్కో పోర్టు కాస్ట్ చూడండి. 2 జీబీపీఎస్, ఆపై వేగాలకు డిఫాల్ట్ 500.

ప్రశ్న అడిగినవారు: పాత్ కౌంట్ 1, మెట్రిక్ (మొత్తం కాస్ట్) 500, అవుట్ పోర్ట్ 0. పోర్టు 4 కాస్ట్ 1000 ఉందండీ.

జవాబు 1: అదే కారణం. ‘లింక్‌కాస్ట్ 4 500’ ఇవ్వండి. అవతలి స్విచ్‌లోనూ తప్పకుండా చూడండి. కాస్ట్ బయటికెళ్లే ఫ్రేములకే వర్తిస్తుంది కాబట్టి ఒకవైపే మారిస్తే తిరుగు ట్రాఫిక్ పాత దారిలోనే వస్తుంది.

జవాబు 2: పాత్ కౌంట్ 2 అయ్యాక కూడా లోడు ఒకవైపే ఉంటే దారుల మధ్య ట్రాఫిక్ పంచే పద్ధతిని చెప్పే ‘ఏపీటీపాలసీ’ చూడండి. 1 అయితే ఒక్కో ఇన్‌పుట్ పోర్టు ఒకే లింకుకు అతుక్కుంటుంది, 3 అయితే ఎక్స్చేంజీల (ఒక్కో రీడ్ లేదా రైట్ లావాదేవీ) వారీగా పంచుతుంది. మార్చాలంటే స్విచ్‌డిజేబుల్ తప్పదు, అంటే ఈ స్విచ్‌లో ట్రాఫిక్ ఆగుతుంది. ముందు ప్రతి సర్వర్‌లో రెండో ఫ్యాబ్రిక్ (విడిగా ఉన్న మరో స్విచ్ నెట్‌వర్క్) పాత్‌లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.