రెయిడ్ ఉంది, యూపీఎస్ ఉంది, అయినా టేబుళ్లు పాడవుతున్నాయి

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక నర్సింగ్‌హోమ్ సర్వర్ నా చేతికొచ్చింది. ఉబుంటు, మైసీక్వెల్ డేటాబేస్, రెండు డిస్కుల రెయిడ్-1 (రెండింటిలోనూ ఒకే డేటా), 1 కేవీఏ యూపీఎస్. కరెంటు పోయిన పది నిమిషాలకి సర్వరూ పడిపోతోంది. రెండుసార్లు డేటాబేస్ టేబుళ్లు (డేటా ఉండే పట్టికలు) చెడ్డాయి. బ్యాకప్ అంటే రాత్రిపూట డేటా ఫోల్డర్‌ని అదే మెషీన్లో ఇంకోచోటికి కాపీచేసే స్క్రిప్టు ఒక్కటే. పాతికవేలు ఇస్తామన్నారు. ముందు దేనిమీద పెట్టమంటారు?

జవాబు 1 (రాయగడ)
తమ్ముడూ, ముందు పైసా ఖర్చులేని పని చెయ్యి. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని కాపీ కొడితే మొదటి ఫైలుకీ చివరి ఫైలుకీ పొంతన ఉండదు. పాడైనవి మైఐసామ్ టేబుళ్లేమో చూడు (మైసీక్వెల్ టేబుళ్లని దాచే పాత పద్ధతి అది, కొత్తది ఇన్నోడీబీ). హఠాత్తుగా కరెంటు పోతే దెబ్బతినేవి ఎక్కువగా అవే. ఇన్నోడీబీ అయితే తన లాగ్ (మార్పుల చిట్టా) చదువుకుని లేస్తుంది. రాత్రి సాఫ్ట్‌వేర్ ఆపి, డంప్ (డేటా మొత్తాన్ని ఫైలుగా రాసిన కాపీ) తీసి, వాటిని ఇన్నోడీబీకి మార్చు. ఆ తర్వాత రోజూ డంప్ తీసే మైసీక్వెల్‌డంప్ ప్రోగ్రామ్‌ని సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో నడుపు, డేటా అంతా ఒకే క్షణం నాటిదిగా వస్తుంది. మైఐసామ్ మిగిలితే ఆ ఆప్షన్ దానికి పనికిరాదు.

చాలామంది పడే గొయ్యి ఒకటుంది. డంప్‌ని నేరుగా జీజిప్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్‌లోకి పైపు చేస్తే (మళ్లిస్తే), డంప్ ఫెయిలైనా స్క్రిప్టుకి కనపడేది జీజిప్ ఫలితమే, అంటే "సక్సెస్". స్క్రిప్టు నడిపే బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టు, మధ్యలో ఏది ఫెయిలైనా తెలుస్తుంది. ఫైలు ఆఖరి లైన్లో "డంప్ కంప్లీటెడ్" ఉందో లేదో స్క్రిప్టే చూసుకునేలా చెయ్యి.

రెయిడ్ ఒక డిస్కు పోతే ఆదుకుంటుంది, అంతే. పొరపాటున డిలీట్ కొడితే రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. బయటి డిస్కులు రెండు కొను, ఒకటి ఎప్పుడూ వేరే బిల్డింగ్ బీరువాలో ఉండాలి, వారానికోసారి మార్చు. నెలకోసారి డంప్‌ని పాత పీసీలోకి ఎక్కించి, ముందురోజు చివరి బిల్లు నంబరు కనిపిస్తోందా చూడు. కనిపించనంతవరకూ దాన్ని బ్యాకప్ అనకు.

జవాబు 2 (బరంపురం)
పది నిమిషాలు తక్కువేం కాదండీ. యూపీఎస్ నుంచి సర్వర్‌కి యూఎస్‌బీ కేబుల్ ఉందా? చాలాచోట్ల అది డబ్బాలోనే ఉండిపోతుంది. దాన్ని కలిపి, "నట్" అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మూడు నిమిషాలు బ్యాటరీ మీద నడవగానే షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. బ్యాటరీ శాతాన్ని నమ్మకండి, పాతబడ్డ బ్యాటరీ 60 చూపిస్తూనే కూలబడుతుంది.

బయోస్‌లో (మెషీన్ సొంత సెట్టింగుల్లో) "కరెంటు రాగానే ఆన్" పెడితే సరిపోదు. సర్వర్ ఆగాక, యూపీఎస్ ఇంకా బతికుండగానే కరెంటు వచ్చిందనుకోండి, సర్వర్‌కి కరెంటు పోయినట్టే తెలీదు, అలాగే ఆగి ఉంటుంది. అందుకే షట్‌డౌన్ చివర్లో యూపీఎస్ అవుట్‌పుట్‌నీ కోసేయమని నట్‌కి చెప్పాలి.

రెండు బిల్డింగుల మధ్య రాగి ల్యాన్ కేబుల్ ఉంటే తీసేసి, ఫైబర్, రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని ల్యాన్‌కి కలిపే పెట్టెలు) వేయండి. పిడుగుల సీజన్‌లో స్విచ్చి పోర్టులు కాలేది ఎక్కువగా ఆ దారినే. 2018 అక్టోబరు తిత్లీ తుఫాను లాంటిది మళ్లీ వస్తే ఏ యూపీఎస్సూ నిలవదు. ఊరి బయట ఒక కాపీ ఉండాల్సిందే.

జవాబు 3 (గుణుపురం)
బయటికి పంపే కాపీకి లెక్క: 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో గంటకి 4.5 జీబీ దాటదు. కాబట్టి మొదటి కాపీ డిస్కుమీద పట్టుకెళ్లి, రోజువారీ మార్పులే ఆర్‌సింక్ (మారిన భాగాల్నే పంపే ప్రోగ్రామ్)తో పంపాలి. పేషెంట్ల డేటా గనక ఎన్‌క్రిప్ట్ చేసే (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చే) పంపండి, తాళంచెవి మాత్రం ఆ సర్వర్‌లో ఒక్కచోటే దాచకండి.

ప్రశ్న వేసినవారు
మైఐసామ్ టేబుళ్లు మూడున్నాయి, బిల్లింగ్‌వే. యూఎస్‌బీ కేబుల్ డబ్బాలోనే దొరికింది.