చార్మినార్ రూపాయిని స్లాబ్ చేయించాలా, మన పరీక్ష చాలా?

వెండిపిచ్చోడు: జుమ్మెరాత్ బజార్ల ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయి కొన్న. మీద 1330 హిజ్రీ ఉంది, అంటే 1912 అనుకోండి. తూకం 11.15 గ్రాములు. మా గల్లీ పెద్దాయన ఒకాయన చూసి, "రూపాయంటే 11.66 ఉండాలె, ఇది నకిలీ" అన్నడు. గ్రేడింగ్‌కు, అంటే అసలుదా కాదా చూసి, స్థితికి అంకె ఇచ్చి, స్లాబ్ అనే ప్లాస్టిక్ డబ్బాల మూసి ఇచ్చే కంపెనీకి పంపాల్నా? పైసలు దండుగనా?

సైఫాబాద్ టంకశాల: పెద్దాయన చెప్పింది బ్రిటిష్ రూపాయి లెక్క. అందులో వెండి 91.7 శాతం. మన హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు రూపాయిలో 81.8 శాతమే, తూకం 11.18కి అటూఇటూ. అరిగిన నాణేనికి మీ 11.15 చక్కటి తూకం.

స్లాబ్ కంటే ముందు నీళ్ల పరీక్ష చేయండి. రెండు దశాంశాలు చూపే తూకం మీద గ్లాసుతో నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్న దారానికి కట్టి, మొత్తం మునిగేలా, అడుగుకు, పక్కలకు తగలకుండా వేలాడదీయండి. తూకం 1.10 గ్రాముల దగ్గర నిలవాలి. 11.15ని దాంతో భాగిస్తే 10.1 పైన వస్తుంది, ఈ పాళ్ల వెండి రాగి మిశ్రమానికి అదే సాంద్రత. రాగి నికెల్ సరుకైతే 1.25 దాకా చూపిస్తుంది, అప్పుడు వాపసు ఇవ్వడానికి నేరుగా బజారుకే పోండి. చార్మినార్ కమాను కింద అరబ్బీ 'ఐన్' ఉందో లేదో కూడా చూడండి, అది ఉస్మాన్ గుర్తు. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణెమైతే అక్కడ 'మీమ్' ఉంటుంది. మామూలు సంవత్సరపు రూపాయికి గ్రేడింగ్ ఫీజు కట్టడం కోడి కంటే మసాలా ఖరీదైనట్టు.

భూతద్దం: టంకశాల గారూ, మీ నీళ్లు వెండిని పట్టిస్తాయి, నాణేన్ని పట్టించవు. అవే పాళ్లలో వెండి కరిగించి పోత పోస్తే మీ 1.10 హాయిగా వస్తుంది. పది రెట్ల లెన్సు పెట్టి చూడాలి. పోత సరుకులో అక్షరాల మొదళ్లు మెత్తబడి, ఖాళీ చోట సూదిమొన ప్రమాణంలో గుంతలు ఉంటాయి, అంచు మీద అతుకు గీతను అరగదీసిన జాడ కనిపిస్తుంది. ఇక డై (ముద్ర అచ్చు) చెక్కించి కొట్టిన నకిలీ అయితే లెన్సుకూ దొరకదు, వేల నాణేలు చూసిన కళ్లు కావాలి. గ్రేడర్‌కు ఇచ్చే డబ్బు ఆ కళ్లకే.

బేగంబజార్ బాబు: కళ్లు సరే అన్నా, ఎక్కడున్నయ్? వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. మనసొంటోళ్లు దాన్ని దేశం దాటించుడు నేరం. విదేశీ కంపెనీకి కొరియర్ అనే ముందు ఆ ముచ్చట చూసుకోండి. స్లాబులకూ నకిలీలున్నయ్. సర్టిఫికెట్ నంబర్ సరిపోతే చాలదు, కంపెనీ సైట్ల ఉన్న ఫొటో మీద మచ్చ మీ నాణెం మీద కూడా ఉండాలె. ఇంకో మాట, చింతపండు పెట్టి తోమకురి! తోమినట్టు గ్రేడర్‌కు దొరికితే 70లో ఇన్ని అని అంకె రాదు, 'డీటెయిల్స్' అని రాసి పంపుతరు. గీతల్ల పేరుకున్న నలుపే దాని అందం.

వెండిపిచ్చోడు: నీళ్ల పరీక్ష చేసిన, 1.10 వచ్చింది. ఐన్ కూడా ఉంది. పెద్దాయనకు చూపిస్త.

భూతద్దం: వెండి అని తేలింది, అంతే. అంచు ఫొటో పెట్టు తమ్ముడూ, పక్క నుంచి వెలుతురు పడేలా తీయి.