తాళం వేసిన ఇంటికీ ఇంటి పన్ను: బాధ్యతా, భారమా?

మామిడితోట:
నిన్న ఆన్‌లైన్‌లో ఇంటి పన్ను చూసి కళ్లు తిరిగాయి. మొన్నటిదాకా ఏడాదికి 1,140 రూపాయలు, ఇప్పుడు 3,860. ఇల్లు అదే, రెండు గదులూ వంటిల్లూ అవే, ముందున్న మురుగు కాలవా అదే, దానికి మూత లేకపోవడమూ అదే. పైగా మేముండేది బెంగళూరులో, సంక్రాంతికి నాలుగు రోజులు, దసరాకు రెండు రోజులు తాళం తీస్తాం, అంతే. జీతంలో టీడీఎస్ పోతుంది, మిగిలినదాంతో ఏది కొన్నా జీఎస్టీ, పెట్రోలు పోయిస్తే అందులో వ్యాట్, ఇక ఎవరూ లేని ఇంటికి కూడానా? సమాజానికి మన వంతు అంటారు, సరే. ఆ సమాజం మా కాలవ మీద ఒక బండ వేయలేదా?

రిటైర్డ్_మాస్టారు:
బాబూ, నువ్వు తాళం వేశావని వీధి లైటు ఆర్పేస్తారా? మీ ఇంటి ముందు ఊడ్చే మనిషి మీ గుమ్మం వదిలేసి పక్కకు పోతుందా? నేను 33 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి తీసుకున్న జీతం పన్నుల్లోంచే వచ్చింది, ఇవాళ తింటున్న పింఛనూ అంతే, అందుకే ఈ భారం అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏటా ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కట్టేసి 5 శాతం రాయితీ తీసుకుంటాను. 1994 నుంచి రసీదులు ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

లెక్కల_మనిషి:
1,140 నుంచి 3,860 అవడం కుదరదు. ఏపీలో 2021లో అద్దె విలువ పద్ధతి తీసేసి ఆస్తి విలువ మీద పన్ను అన్నారు, కానీ పెంపు ఏటా 15 శాతం దాటకూడదని కూడా పెట్టారు. మీరు ఏదో తప్పు చూశారు.

టీకొట్టు:
ఇల్లున్నవాళ్ల గొడవ ఇది. నా బండికి రోజూ పొద్దున్నే ఆశీలు వాడు వస్తాడు, వీధిలో బండి పెట్టుకున్నందుకు రుసుము, 20 రూపాయలు. చీటీ అడిగితే "రేపు ఇస్తాలే అన్నా" అంటాడు. వాన పడి ఒక్క టీ అమ్మకపోయినా 20 రూపాయలే. ఏప్రిల్లో కడితే రాయితీ లాంటివి మాకు లేవు.

మామిడితోట:
లెక్కల మనిషి గారూ, స్క్రీన్ మీద ఉన్నదే చెప్పాను, నాకేం కళ్లు పోలేదు. మాస్టారూ, మాది అమ్మమ్మ వైపు చీరాల. చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేసి, ఊరంతటికీ కలిపి ఏడాదికి 4,000 ఉన్న పన్నును 40,000 చేస్తే జనం ఏం చేశారో మీరూ బడిలో చెప్పే ఉంటారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరే ఖాళీ చేసి, రామ్‌నగర్ అని పాకలు వేసుకుని, ఎండల్లో వానల్లో 11 నెలలు ఉన్నారు. వాళ్లను బాధ్యత లేనివాళ్లు అంటారా?

రిటైర్డ్_మాస్టారు:
ఆ పాఠం నాకు చెప్పకు అబ్బాయ్. వాళ్లు సౌకర్యం తీసుకుంటూ డబ్బు ఎగ్గొట్టలేదు, మీ మున్సిపాలిటీయే మాకొద్దు అన్నారు, అందుకు ఇళ్లు వదిలారు. పైన కూర్చున్నది తెల్లవాడు. ఇప్పుడు నీకు ఓటుంది. ఇంతకీ పోయిన మున్సిపల్ ఎన్నికలకు బెంగళూరు నుంచి వచ్చి ఓటేశావా?

మామిడితోట:
ఓటుకూ కాలవకూ సంబంధం ఏమిటి? సెలవు దొరకలేదు.

రిటైర్డ్_మాస్టారు:
అదే మరి. సంక్రాంతికి మాత్రం దొరుకుతుంది.

పాత_పుస్తకం:
ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, గమనించారా? మా శాఖా గ్రంథాలయంలో ఫ్యాను తిరగడం లేదు. ఆ 8 పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరతాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆరో_వార్డు:
అసలు ప్రశ్న అది కాదండీ. నేను వార్డు సచివాలయంలో పనిచేసేటప్పుడు నెలనెలా చెత్త పన్ను వసూలుకు తిప్పేవాళ్లు. ఊరిని బట్టి 30 నుంచి 120 రూపాయలు. అంత డబ్బు లేక కాదు, రెండంతస్తుల ఇళ్లలోంచి కూడా "మా చెత్త మేం పారేసుకుంటాం పోవమ్మా" అని తలుపు వేసేవాళ్లు. ఒకాయనైతే కుక్కను వదిలాడు. 2024 డిసెంబరుతో ఆ పన్ను రద్దయితే అందరూ స్టేటస్‌లు పెట్టుకున్నారు. చెత్త మాత్రం రద్దు కాలేదు. మా అమ్మ ఇప్పటికీ నాలుగింటికి లేచి చీపురు పట్టుకుని పోతుంది, కాంట్రాక్టు మనిషి కాబట్టి ఏ నెల జీతం ఏ నెలలో వస్తుందో ఆమెకే తెలీదు. అడిగితే నిధులు లేవంటారు. భారం భారం అంటున్నారు కదా, ఆ నిధులు ఎక్కణ్ణుంచి రావాలో చెప్పండి.

టీకొట్టు:
నా ఆశీలు కాంట్రాక్టరు కారు కొన్నాడు. అక్కడ అడుగు చెల్లెమ్మా.

లెక్కల_మనిషి:
15 శాతం సంగతి ఎవరూ తేల్చలేదు. 1,140 మీద 15 శాతం అంటే 171. మొత్తం 1,311 కావాలి. 3,860 ఎలా వచ్చింది?

మామిడితోట:
వినండి అయితే. నాన్న పోయాక ఇల్లు నా పేరున మార్పించుకుందామని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. చావు సర్టిఫికెట్, వారసత్వ కాగితం, అన్నీ పట్టుకుని మూడు సార్లు. నాలుగోసారి ఒకాయన టేపు పట్టుకుని వచ్చి వెనకాల రేకుల షెడ్డుతో సహా కొలిచి, కొత్త లెక్క వేశాడు. కొత్తగా వేసిన లెక్కకు మీ 15 శాతం వర్తించదట. పేరు మార్చుకోకుండా నాన్న పేరు మీదే ఉంచేసి ఉంటే 1,311తో పోయేది. పద్ధతిగా వెళ్లినందుకు పడిన శిక్ష ఇది.

రిటైర్డ్_మాస్టారు:
శిక్ష అనకు. ఎంత ఇల్లు ఉంటే అంత పన్ను. కొలిచి వేస్తే న్యాయమే కదా?

మామిడితోట:
ఈ మాట కోసమే ఆగాను మాస్టారూ. మీరెవరో నాకు తెలుసు, మనది ఒకటే వీధి. 33 ఏళ్ల సర్వీసు, ఫైల్లో రసీదులు అనగానే అర్థమైంది. మున్సిపల్ సైటులో డోరు నంబరు కొడితే ఎవరి పన్నయినా కనిపిస్తుంది. మీది ఏడాదికి 1,460. కింద మూడు గదులు, పైన పూర్తి పోర్షను, బయటి నుంచి మెట్లు. నా రెండు గదులకు 3,860.

రిటైర్డ్_మాస్టారు:
నా ఇంటి పన్ను చూడ్డానికి నువ్వెవరు? మీ నాన్న ఉండగా నాతో ఇలా మాట్లాడేవాడివా? మా ఇంట్లో భోజనం చేసి పెరిగినవాడివి. వాళ్లు వేసినంతా ఒక్క రూపాయి బాకీ లేకుండా కడుతున్నాను.

ఆరో_వార్డు:
మాస్టారూ, పై పోర్షను లెక్కలో ఉందా లేదా? ప్లాను లేకుండా అంతస్తు వేస్తే పన్నుకు అదనంగా నూరు శాతం దాకా జరిమానా వేయొచ్చు. అడగడం తప్పనుకోకండి, మా అమ్మ జీతం గురించి అడుగుతున్నా.

మామిడితోట:
3,860 కట్టలేక కాదండీ నా ఏడుపు. బెంగళూరులో రెండు రోజుల ఖర్చు అది. పక్కింటికి ఒక లెక్క, నాకొక లెక్క అయినప్పుడు, పక్కింటాయనే నాకు బాధ్యత గురించి పాఠం చెబితే ఎలా ఉంటుంది?

రిటైర్డ్_మాస్టారు:
సరే, చెబుతాను. పై పోర్షను 2012లో మా అబ్బాయి పెళ్లికని వేశాం. వాడు ఏడాది తిరక్కుండానే కెనడా వెళ్లిపోయాడు. అప్పటి బిల్లు కలెక్టరు వచ్చి చూసి "ఉండనీయండి మాస్టారూ, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు, నేనూ వెళ్లలేదు. పైన ఉండేది పావురాలు. మనిషి అడుగుపెట్టని గదులకు పన్ను ఏమిటి అనిపించింది, అంతే.

మామిడితోట:
వీధి లైటు మాత్రం వెలుగుతోంది కదా మాస్టారూ.

లెక్కల_మనిషి:
1,460 అంటే 2021కి ముందు దాదాపు ఎంత ఉండేదో చెప్పగలరా? 15 శాతం చొప్పున వెనక్కి లెక్క కట్టి చూస్తాను.

టీకొట్టు:
పైన ఖాళీయేనా మాస్టారూ? అద్దెకిస్తారా? మేం నలుగురమే. నీళ్లెలా ఉంటాయి?