కుమ్మరి ఆవంలో కాల్చిన మట్టి ప్లగ్‌లు రీఫ్ ట్యాంక్‌లో పెట్టొచ్చా, లేక సిమెంటే నయమా?

ఉప్పునీటి_శీను (హైదరాబాద్)
అందరికీ నమస్తే. నాది చిన్న రీఫ్ ట్యాంక్ (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), జోవాలు, మష్రూమ్‌లు, కొంచెం మాంటిపోరా అనే పగడం రకాలు ఉన్నాయి, అన్నీ బయట దేశం నుంచి బిల్లుతో వచ్చిన వాటి ముక్కలే. ఇప్పుడు వాటిని కట్ చేసి అతికించడానికి ఫ్రాగ్ ప్లగ్‌లు కావాలి (కొత్తవాళ్ళ కోసం: పైన గుండ్రటి బిళ్ళ, కింద కాడ, పగడం ముక్కని బిళ్ళ మీద జిగురుతో అంటించి కాడని ఎగ్‌క్రేట్ అనే గళ్ళ ప్లాస్టిక్ పలక గడిలో దింపుతాం). ఆన్‌లైన్ రేట్లు చూస్తే ఇంత చిన్న మట్టి బిళ్ళకి అంత పెట్టబుద్ధి కాలేదు. మా ఊళ్ళో పక్క వీధిలోనే కుమ్మరి ఆవం ఉంది, ప్రమిదలు చేసే పెద్దాయన అచ్చు ఇస్తే ప్లగ్‌లు ఒత్తి ప్రమిదలతో పాటే కాల్చి ఇస్తానన్నాడు. కానీ తెలిసినవాళ్ళలో కొంతమంది చెరువు మట్టి పెడితే ట్యాంక్ మొత్తం పోతుంది సిమెంటుతో చేసుకో అంటున్నారు, ఇంకొంతమంది సిమెంటే విషం అంటున్నారు. కారణాలతో చెప్పండి ప్లీజ్, నేను వాడాను ఏం కాలేదు అని ఒక్క లైన్ రాసి వదిలేయొద్దు.

గుంటూరు_రీఫర్
శీనూ, వద్దు. నా భయం ఒక్కటే, రాగి. ఆ చెరువులోకి నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి, పొలాల మీద నుంచేగా. మా వైపు మిర్చికీ బత్తాయికీ కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు, మిగతా పురుగుమందులు ఆవం వేడికి కాలిపోతాయేమో గానీ రాగి ఎక్కడికీ పోదు, మట్టిలోనే ఉండిపోద్ది. ఉప్పునీటి చేపలకి వెల్వెట్, ఇచ్ లాంటి పరాన్నజీవి రోగాలు వస్తే రాగి మందు వేస్తాం కదా, అదే నీళ్ళు రీఫ్‌లో పడితే పగడాలు, రొయ్యలు, నత్తలు ఏవీ మిగలవు. అది వినాయకుణ్ణి నిమజ్జనం చేసే చెరువైతే ఇక చెప్పక్కర్లేదు, ఆ రంగుల్లో సీసం, క్రోమియం కూడా ఉంటాయి. సిమెంటు చేసుకో. తెల్ల సిమెంటు ఒక వంతు (వాల్ పుట్టీ కాదు, దాంట్లో పాలిమర్లు కలుపుతారు), అరగొనైట్ ఇసుక (కాల్షియం కార్బొనేట్ ఇసుక) మూడు నాలుగు వంతులు, ఐస్ ట్రేలో పోస్తే అచ్చు దానంతటదే వచ్చేస్తది. రెండు మూడు రోజులు తడిగా ఉంచి గట్టిపడనిచ్చి తర్వాత మంచినీళ్ళల్లో వేసి నీళ్ళు మారుస్తా ఉండు, నెల రెండు నెలలు పడుతుంది, ఓపిక ఉండాలి అంతే.

సారె_చేతులు (బెంగళూరు)
నాకు రీఫ్ ట్యాంక్ లేదండి, మా తమ్ముడికి ఉంది, కానీ మట్టి నా పని కాబట్టి మట్టి సంగతి చెప్తాను. మట్టి అంటే అంతా ఒకటే అనుకుని మాట్లాడితే ఈ చర్చ తెగదు, అడగాల్సింది ఎంత వేడిలో కాలింది అని. పచ్చి మట్టిలోని బంకమన్ను రేణువుల్లో రసాయనికంగా పట్టుకున్న నీరు ఉంటుంది, అది 450 నుంచి 600 డిగ్రీల మధ్యలో బయటికి పోతుంది, అది పూర్తిగా పోతేనే మట్టి మళ్ళీ బురద కాకుండా ఉంటుంది. ఊళ్ళల్లో కట్టెలు, పిడకలు, గడ్డితో కాల్చే ఆవం మామూలుగా 700 నుంచి 900 వరకు వెళ్తుంది, అదీ అన్ని చోట్లా ఒకేలా కాదు, నడిమధ్యన ఉన్నది బాగా కాలుతుంది, అంచున ఉన్నది సగం కాలుతుంది. స్టూడియోలో కరెంటు కొలిమిలో బిస్క్ (గ్లేజ్, అంటే గాజులాంటి పూత, వేయకముందు మొదటిసారి కాల్చడం) అంటే 1000 నుంచి 1060. స్టోన్‌వేర్ అయితే 1220 పైమాటే, అక్కడ మట్టి దాదాపు గాజులా మూసుకుపోతుంది, పగడానికి మరీ అంత మూసుకుపోయినది అక్కర్లేదు, జిగురు పట్టడానికైనా గులాబీ రంగు కోరలైన్ ఆల్గే ఎక్కడానికైనా కొంచెం గరుకు, కొంచెం రంధ్రాలు ఉంటేనే మేలు.

శీను గారూ, మీ పెద్దాయన దగ్గర చేయిస్తే ముందు ఒక్క పని చేయండి. కాలిన ప్లగ్‌లు ఒక్కొక్కటీ రెండోదానికి తట్టి చూడండి, కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్ళు తట్టి చూస్తారే అట్లా, ఖంగుమనాలి. మొద్దుగా మోగింది పక్కన పడేయండి. ఒకదాన్ని విరగ్గొట్టి లోపల చూడండి, నల్లటి గీత ఉందంటే లోపలి చెత్తాచెదారం పూర్తిగా కాలలేదన్నట్టు, అది నీళ్ళలో మెల్లగా ఏం వదులుతుందో చెప్పలేం. సగం కాలినదానికి ఇంకో తిప్పలుంది, ఉప్పునీళ్ళు పీల్చుకుని బయటపెట్టినప్పుడు ఆరి ఉప్పు గడ్డకట్టి పొర పొరగా రాలుతుంది, చవుడు పట్టిన గోడ రాలినట్టే.

గ్లేజ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, పాత కొలిమి రంగుల్లో సీసం, రాగి, మాంగనీస్, బేరియం అన్నీ ఉంటాయి. స్టూడియోలో కాల్పించుకుంటే గ్లేజ్ చేసిన సామాను పక్కన పెట్టనివ్వకండి, బిస్క్ లోడ్‌లోనే పెట్టమనండి, వేడికి రాగి ఆవిరై పక్కవాటి మీద పడడం మేం కళ్ళారా చూస్తుంటాం.

కరీంనగర్_కడలి
అక్కా ఒక డౌటు. మట్టిల గవ్వల పొడి కలిపి కాలిస్తె ఎట్లుంటది? కాల్షియం దొరుకుతది కదా పగడానికి, అట్ల చేస్తె ఇంక మంచిగ పడతదేమో అని.

సారె_చేతులు
అస్సలు వద్దు తమ్ముడూ. గవ్వలు, ఆల్చిప్పలు 850, 900 దగ్గరికి వచ్చేసరికి సున్నం అయిపోతాయి, మన కోస్తాలో గుల్ల సున్నం చేసేది అలాగే కదా. ప్లగ్ లోపల ఆ ముక్కలు పచ్చి సున్నంగా కూర్చుంటాయి, కొలిమి లోంచి తీసినప్పుడు బాగానే కనిపిస్తాయి, గాలిలో తేమ తగలగానే ఉబ్బి ప్లగ్‌ని పగలగొడతాయి, వెంటనే కాకపోయినా కొన్నాళ్ళకి. నీళ్ళలో వేస్తే పీహెచ్ కూడా పెరుగుతుంది. మామూలు చెరువు మట్టిలో సున్నపు కంకర ముక్కలు ఉన్నా ఇదే గొడవ, అందుకే మట్టిని నీళ్ళలో కలిపి సన్న జల్లెడ పట్టాలి. కాల్షియం కలపాలనుంటే సిమెంటు ప్లగ్‌లో కలుపు, మట్టిలో కాదు.

ప్లానో_రీఫ్ (టెక్సస్)
నేను చాలా కాలంగా మట్టి ప్లగ్‌లే వాడుతున్నా కాబట్టి పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా. గుంటూరు అన్నా, నువ్వు ఎత్తకపోయినా ఎర్రమట్టిలో ఇనుముంటుంది, ఆల్గే వస్తుంది అని కూడా చాలామంది భయపెడతారు, అది నిలబడదు. కాలిన మట్టి ఎర్రగా ఉండేది ఐరన్ ఆక్సైడ్ వల్ల, 8 పైన పీహెచ్ ఉన్న సముద్రపు నీళ్ళలో అది దాదాపు కరగదు. ఫాస్ఫేట్ తీయడానికి మనం డబ్బులు పెట్టి కొని రియాక్టర్‌లో వేసే జీఎఫ్‌ఓ ఏంటి మరి, అదీ ఇనుము ఆక్సైడ్ జాతే కదా.

హాంగ్‌కాంగ్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో హోయ్ హా వాన్ మెరైన్ పార్క్‌లో సముద్రం అడుగున 128 టెర్రకోట పలకలు పరిచి వాటి మీద పగడాలు నాటారు. మామూలు టెర్రకోట మట్టే, త్రీడీ ప్రింటర్‌తో చేసి 1125 డిగ్రీల దగ్గర కాల్చారు. సిమెంటు కాదని మట్టి తీసుకున్నారంటే ఆలోచించాలి కదా.

ఇంకో లాభం ఎవరూ చెప్పట్లేదు. ప్లగ్ మీద ఐప్టేసియా (ట్యాంక్‌లో కలుపులా పాకే చిన్న సీ అనిమోన్) పట్టిందనుకో, పగడం తీసేశాక ప్లగ్‌ని బ్లీచ్‌లో వేసి బాగా కడిగి, ఆ తర్వాతే పలుచని యాసిడ్‌లో వేసి మళ్ళీ బాగా కడిగి వాడొచ్చు, కాలిన మట్టికి ఏం కాదు. సిమెంటు ప్లగ్ యాసిడ్‌లో వేస్తే నురగొచ్చి కరిగిపోతుంది.

గుంటూరు_రీఫర్
హాంగ్‌కాంగ్ సంగతి తెలుసు, కాదనట్లా. కానీ వాళ్ళకి ఆ మట్టిలో ఏముందో తెలుసు, ఎంత వేడిలో కాలిందో తెలుసు. శీనుకి ఆ రెండూ తెలీదు. పోల్చడం ఎలా కుదురుద్ది?

సిమెంటు విషం అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. సిమెంటు వదిలేది కాల్షియం హైడ్రాక్సైడ్, మనలో సగం మంది కాల్క్‌వాసర్ అని రోజూ ట్యాంకులో పోసేది అదే పదార్థం. నానబెట్టకుండా పెడితే పీహెచ్ ఎగిరి చంపుద్ది, ఒప్పుకుంటా, కానీ ఆ పొరపాటు పీహెచ్ మీటర్‌లో కనిపిస్తుంది. ఒక డబ్బాలో ప్లగ్‌లు వేసి మూత పెట్టి మూడు రోజులాగి చూడు, 8.5 దాటిందంటే ఇంకా రెడీ కాలేదు, దిగిందంటే రెడీ. మట్టిలో రాగి ఉంటే ఏ మీటర్ చూపిస్తుంది? హాబీ కిట్‌లో సున్నా వచ్చినా లేనట్టు కాదు, పగడాన్ని ఇబ్బంది పెట్టే మోతాదు చాలాసార్లు ఆ కిట్ చదవగలిగిన దానికన్నా కిందే ఉంటుంది. కళ్ళకి కనపడే తప్పుని సరిచేసుకోవచ్చు, కనపడనిదాన్ని ఏం చేస్తాం. నా వాదన మొత్తం ఇదే. తూత్తుకుడి దగ్గర వాన్ దీవి చుట్టూ కృత్రిమ రీఫ్‌లు దింపారు, అవన్నీ కాంక్రీటువే, సముద్రంలో వాటి మీద పగడాలు రాలేదా.

సారె_చేతులు
గుంటూరు గారూ ఇప్పుడు అసలు మాట చెప్పారు, మీ గొడవ మట్టితో కాదు, ఊరూ పేరూ తెలియని మట్టితో. అక్కడ నేను మీతోనే ఉన్నాను. అలాంటప్పుడు స్టూడియోలకి అమ్మే సిద్ధం చేసిన టెర్రకోట మట్టి కొనండి. దాంట్లోనూ ఒకటి అడగాలి, ఎర్రమట్టి మీద తెల్లటి ఉప్పు పొర రాకుండా కొంతమంది బేరియం కార్బొనేట్ కలుపుతారు, చాలా తక్కువే, చాలావరకు కరగని సల్ఫేట్‌గా మారిపోతుంది కూడా, అయినా కలపని మట్టి దొరికితే అదే తీసుకోండి.

కొలతలు కూడా చెప్తాను, ఎవరూ రాయరు. ఆరి కాలేసరికి మట్టి సుమారు 8 నుంచి 10 శాతం కుంచించుకుపోతుంది. ఎగ్‌క్రేట్ గడి దాదాపు అర అంగుళం, కాబట్టి పచ్చి కాడ 12 మిల్లీమీటర్లు చేస్తే కాలాక 11 దగ్గర ఆగుతుంది, సులువుగా దిగుతుంది. బిళ్ళకీ కాడకీ మందం తేడా ఎక్కువ ఉంటే ఆ మెడ దగ్గరే పగుళ్ళు వస్తాయి, మెడ దగ్గర వేలితో నున్నగా వంపు ఇవ్వండి. పైన ఫోర్కుతో గీతలు గీయండి. నీడలో ఆరబెట్టండి, బుగ్గకి ఆనిస్తే చల్లగా తగలకూడదు, చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే, కొలిమిలో పేలుతుంది. ఆరిన ప్లగ్‌లని సాండ్‌పేపర్‌తో రుద్దకండి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. తడి స్పాంజితో తుడవండి చాలు.

ఉప్పునీటి_శీను
అక్కా, గుంటూరన్నా, చాలా థాంక్స్. కానీ నిజం చెప్పాలంటే ఆ పెద్దాయన చేతే చేయించాలని ఉంది, ఇప్పుడు కుండలు కొనేవాళ్ళే తక్కువ, దీపావళికి కార్తీకమాసానికి ప్రమిదలు తప్ప ఆయనకి పనే లేదు. మట్టి ఎక్కడిదో ఆయన్నే అడిగా, పంట నీళ్ళు కలవని పాత కుంట మట్టి అంటున్నాడు, నిమజ్జనం కూడా అక్కడ జరగదట. ఇంకోటి, నా దగ్గర పాత ప్లగ్‌లు కొన్ని ఉన్నాయి, మీద ఎండిపోయిన జోవాలు ఉన్నాయి, వాటిని గిన్నెలో మరగబెట్టి శుభ్రం చేసి వాడుకుందామా?

విశాఖ_అల
శీనూ ఆగండి!! జోవాలు, పాలిథోవాలు ఉన్న రాయిగానీ ప్లగ్‌గానీ మరగబెట్టకూడదు. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, మరిగించినప్పుడు ఆవిరితో గాల్లోకి లేచి ఇంట్లోవాళ్ళంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు బయట దేశాల్లో జరిగాయి. వేడినీళ్ళు పోసి బ్రష్‌తో రుద్దడం కూడా అంతే ప్రమాదం. గ్లవ్స్, కళ్ళజోడు పెట్టుకుని ఇంటి బయట బకెట్‌లో చల్లటి బ్లీచ్ నీళ్ళల్లో నానబెట్టండి, లేదంటే కవర్లో కట్టి పడేయండి, ప్లగ్ కోసం ప్రాణం మీదకి తెచ్చుకోవడం ఎందుకండి.

ఎవరైనా బీచ్‌లో దొరికిన పగడపు రాయి మౌంట్‌గా వాడదామనుకుంటే అదీ వద్దు. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, 2001లో చేర్చారు, చచ్చిన ముక్క దగ్గరున్నా కేసే.

ప్లానో_రీఫ్
శీనూ, రాగి అనుమానం తీరాలంటే ఒక దారి ఉంది. ఒక లీటరు కొత్త ఉప్పునీళ్ళల్లో ఇరవై ప్లగ్‌లు వేసి నెల ఉంచు, ట్యాంక్‌లో అదే సంఖ్యలో ప్లగ్‌లకి బోల్డన్ని నీళ్ళుంటాయి కదా, దానికన్నా ఇది ఎన్నో రెట్లు కఠినమైన పరీక్ష. అదే రోజు కలిపిన ఉప్పునీళ్ళు ప్లగ్‌లు లేకుండా ఇంకో సీసాలో ఉంచు, ఎందుకంటే ఉప్పు ప్యాకెట్‌లోనే కొంచెం రాగి ఉండొచ్చు. రెండూ ఐసీపీకి (నీళ్ళల్లో లోహాలు కొలిచే ల్యాబ్ పరీక్ష) పంపు, తేడా చూడు. తేడా లేకపోతే గుంటూరన్న కూడా ఏమనలేడు.

గుంటూరు_రీఫర్
అంటాను. ఒక ఆవంలో వచ్చిన ఇరవైకి టెస్టు చేస్తే ఆ ఆవానికే లెక్క, తర్వాతిసారి ఆయన వేరే చోట మట్టి తవ్వితే మళ్ళీ మొదటికొస్తాం. కానీ ఈ పరీక్ష నాకు నచ్చింది, ఇలా చేసేవాడు చేసుకోవచ్చు. శీనూ, ఒక సీసా సిమెంటు ప్లగ్‌లతో కూడా పెట్టు, నావి నానినవి పదిహేను ఉన్నాయి, కొరియర్ చేస్తా, మిగతా అయిదూ నువ్వు పోసుకుని నానబెట్టు. మూడు రిపోర్టులూ ఇక్కడే పెట్టు, రాగి ఒక్కటే కాదు, సీసం, జింక్, బేరియం, అల్యూమినియం గళ్ళు కూడా కనపడేటట్టు ఫొటో తియ్యి.

ఉప్పునీటి_శీను
సరే అన్నా, పంపు. పెద్దాయన దీపావళి ప్రమిదల ఆవం పెట్టేలోపు అచ్చులు ఇచ్చేస్తా, ఆవం నడిమధ్యన పెట్టమని చెప్పా. కుంట మట్టి ఒక సంచి పక్కన తీసిపెట్టమన్నా, బాగుంటే వచ్చే ఏడాదికి కూడా అదే వాడొచ్చు.