టైప్‌తో పుట్టించిన క్లాసుల్లో గెటర్, సెటర్లకు టెస్టులు అవసరమా?

బంతిపూలు: పైథాన్‌లో ఒక ఫ్యాక్టరీ ఫంక్షన్ ఉంది. ఫీల్డుల జాబితా తీసుకుని, టైప్‌కి (నడుస్తుండగానే క్లాసును పుట్టించే పైథాన్ సదుపాయం) పేరు, బేస్ క్లాసులు, డిక్షనరీ ఇచ్చి సబ్‌క్లాసు తయారుచేస్తుంది. ప్రతి ఫీల్డుకూ ఒక ప్రాపర్టీ: విలువ చదివితే గెటర్, పెడితే సెటర్ అనే ఫంక్షన్ నడుస్తుంది. రుణసంఖ్య ఇస్తే సెటర్ వాల్యూఎర్రర్ లేపాలి. పుట్టిన ప్రతి క్లాసుకూ యూనిట్ టెస్టులు రాయాలా?

కోడ్‌కాకి: దండగ. దాచిన విలువను తిరిగిచ్చే ఒక్క లైనుకు టెస్టు రాయడమంటే పైథాన్‌నే పరీక్షించడం. ఫ్యాక్టరీకి ఒక టెస్టు, అంతే.

మిర్చిబజ్జీ: కాకి గారూ, చేత్తో రాసిన క్లాసుకైతే సరేనండి. ఇక్కడ గెటర్లు ఫర్ లూపులో పుడుతున్నాయి. లోపలి ఫంక్షన్ ఫీల్డు పేరును పిలిచినప్పుడు చూస్తుంది, పుట్టినప్పుడు కాదు. లూపు ముగిశాక గెటర్లూ సెటర్లూ అన్నీ చివరి ఫీల్డు మీదే పడతాయి. ధరకు 10 పెట్టి వెంటనే చదివితే 10 వస్తుంది, టెస్టు పాస్! ఎందుకంటే రాసిందీ చదివిందీ ఒకే తప్పు చోట. కనీసం రెండు ఫీల్డులు తీసుకుని, వేర్వేరు విలువలు పెట్టి, అన్నీ పెట్టాకే చదవాలి. కోడులో మందు: పేరును డిఫాల్ట్ ఆర్గ్యుమెంటుగా ఇవ్వడం, లేదా ప్రాపర్టీని వేరే ఫంక్షన్‌లో తయారుచేయడం.

కోడ్‌కాకి: అది ఫ్యాక్టరీ బగ్గే కదా. నేనన్న ఒక్క టెస్టులోనే దొరుకుతుంది.

సున్నాఇండెక్స్: వారసత్వంలో వచ్చేవి దొరకవు. బేస్‌లో ప్రాపర్టీ కట్టినప్పుడే అసలు ఫంక్షన్‌ను పట్టుకుంటుంది. సబ్‌క్లాసులో ధర గెటరైన గెట్_ధరను మళ్లీ రాసినా ప్రాపర్టీ పాతదాన్నే పిలుస్తుంది. లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) ద్వారా సెల్ఫ్ (ఆ ఆబ్జెక్టు) మీద పిలిపిస్తే కొత్తది అందుతుంది. ఇంకోటి, సబ్‌క్లాసులో ప్రాపర్టీ డెకరేటర్‌తో గెటర్ ఒక్కటే రాస్తే సెటర్ పోతుంది, విలువ పెట్టబోతే ఆట్రిబ్యూట్‌ఎర్రర్. బేస్ ప్రాపర్టీ మీది గెటర్ డెకరేటర్ వాడితే సెటర్ నిలుస్తుంది. కాబట్టి గెటర్‌ను మార్చిన సబ్‌క్లాసులన్నిటికీ టెస్టు ఉండాలి, చదవడానికే కాదు, రాయడానికి కూడా.

మిర్చిబజ్జీ: అసలు ప్రాపర్టీ క్లాసుకు అతుక్కోకపోతేనో? స్లాట్స్ (ఆట్రిబ్యూట్ల పేర్లను ముందే బిగించే జాబితా) లేని క్లాసులో మామూలు ఆట్రిబ్యూట్ పుట్టేస్తుంది, పెట్టి చదివే టెస్టు అప్పుడూ పాసే. రుణసంఖ్య ఇచ్చి వాల్యూఎర్రర్ వచ్చిందా, పాత విలువ చెక్కుచెదరలేదా అని చూసేదే పనికొచ్చే టెస్టు.

కోడ్‌కాకి: సరే, మార్పు ఉన్న సబ్‌క్లాసుల వరకు ఒప్పుకుంటా. ఏమీ మార్చకుండా పుట్టిన యాభై క్లాసులకు మాత్రం వద్దే వద్దు.

బంతిపూలు: లూపులో అసర్ట్‌లు పెడితే మొదటి ఫెయిల్ దగ్గరే ఆగిపోతోంది.

సున్నాఇండెక్స్: యూనిట్‌టెస్ట్‌లో సబ్‌టెస్ట్, పైటెస్ట్‌లో పారామెట్రైజ్ వాడండి, ఏ ఫీల్డు పడిందో పేరుతో చెబుతాయి. క్లాసును ప్రతి టెస్టుకూ కొత్తగా పుట్టించండి. ప్రాపర్టీమాక్ (టెస్టులో ప్రాపర్టీకి బదులు పెట్టే నకిలీ) ఆబ్జెక్టుకు కాదు, దాని క్లాసుకు తగిలించాలి. ప్యాచ్‌తో (తాత్కాలికంగా మార్చి, తర్వాత పాతదాన్ని తిరిగి పెట్టే సాధనం) విత్ బ్లాకులో పెట్టకపోతే తర్వాతి టెస్టుకూ అంటుకుంటుంది.