పొగ తాగేవారికి ముందే జన్యు పరీక్ష చేయాలా?

చుక్కాని: మా తాతయ్య రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చి 86 ఏళ్లు బతికారు. ఆయాసపడగా ఎవరూ చూడలేదు. బాబాయి అందులో సగం కూడా కాల్చలేదు, యాభై దాటకముందే మేడ మెట్లెక్కలేకపోయాడు. పరీక్ష చేసి ముప్పు ఎవరికో చెప్పేస్తే పోదా? అందరినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం దేనికి?

నిదానం: తేడా నిజమే. 2015లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ‘యూకే బైలీవ్’ చూసింది ఇదే. బాగా పొగ తాగేవారిలోనూ, ఎన్నడూ తాగనివారిలోనూ ఊపిరి బలం మరీ ఎక్కువ, మరీ తక్కువ ఉన్నవారిని ఏరి, సుమారు 50,000 మంది జన్యువులను పరిశీలించింది. మెలిక ఎక్కడంటే, తాగేవారిలో తేడా తెచ్చిన జన్యువులే చాలావరకు తాగనివారిలోనూ తెచ్చాయి. అంటే అవి పొగను అడ్డుకునే కవచాలు కావు, పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఆస్తిపరుడు దుబారా చేసినా కొన్నాళ్లు బయటపడదు.

చుక్కాని: ఆ ఆస్తి ఎంతో తెలుసుకుంటే తప్పేమిటి?

వానచినుకు: ఒక్క జన్యువు విషయంలో నేను చుక్కాని గారి పక్షం. తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైము ఊపిరితిత్తులను కొరికేయకుండా ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ కాపలా కాస్తుంది. దాని లోపాన్ని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ బయటపెట్టారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువులో లోపమున్న ‘జెడ్’ రకం వచ్చినవారిలో కాపలా అసలే తక్కువ. సిగరెట్ పొగ ఆ ఉన్నదాన్నీ పనికిరాకుండా చేస్తుంది. వారికి ఈ పరీక్ష నిజంగా వరం. మిగతా వందలాది జన్యువుల్లో ఒక్కొక్కదాని ప్రభావం చిల్లర పైసలంత.

నిదానం: పైగా 15వ క్రోమోజోము మీద నికోటిన్ వెళ్లి అతుక్కునే గ్రాహకాల జన్యువులున్నాయి. అక్కడి మార్పు రోజుకు ఎన్ని కాలుస్తామన్నదాన్నే పెంచుతుంది. ఇక ఊపిరితిత్తులను చెడగొట్టింది జన్యువా, అలవాటా? ఈ తగువు పరిశోధకుల్లోనే ఉంది. నన్నడిగితే ముందు ఊపిరి బలం కొలిచే స్పైరోమీటర్ ఊదించాలి. ‘ఇంకా, ఇంకా’ అని పక్కన అరుస్తుంటే గుండెల్లో గాలంతా గొట్టంలోకి వదలడమే. మొదటి సెకనులో వచ్చిన గాలి లెక్కలో జన్యువులూ, పొగా రెండూ ఉంటాయి. మీవాళ్లకు చేయించారా?

చుక్కాని: బాబాయికి చేశారు. తాతయ్యకు ఎన్నడూ లేదు. ఇప్పుడు గుర్తొస్తోంది, చివరి పదేళ్లూ ఆయన పడక కింది గదిలోనే. మేడ మీదికి రమ్మని మేమూ పిలవలేదు.